జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూకి మార్కులు దేన్ని చూసి వేయాలి?

యాంకర్: డాక్టర్ గారూ, సూటిగా అడుగుతున్నా. మన జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ నవజాత శిశువుల్ని చూసే ప్రత్యేక విభాగంలో, నెలకి ఎంతమంది పిల్లలు చనిపోయారో చూస్తే, అది ఎలా పనిచేస్తోందో తెలిసిపోదా?

పిల్లల డాక్టర్: తెలియదండీ. అక్కడే పుట్టిన బిడ్డల్నీ బయటి నుంచి వచ్చినవాళ్లనీ ఒకే లెక్కలో కలిపేస్తే, ఎవరు పంపినా కాదనకుండా చేర్చుకునే ఆసుపత్రి చెడ్డదిగా కనిపిస్తుంది, కాస్త సీరియస్ అనగానే హైదరాబాద్ నీలోఫర్‌కో విశాఖ కేజీహెచ్‌కో రాసి పంపేసే ఆసుపత్రి రికార్డేమో శుభ్రంగా ఉంటుంది. దారిలో ఊపిరి పోయిన బిడ్డ ఆ పంపినవాళ్ల లెక్కలోకి రాదు కదా! బరువెంత, ఎన్నో వారంలో పుట్టింది, ఎక్కడ పుట్టింది, ఇవన్నీ విడదీసి చూడాలి. కిలో బిడ్డనీ రెండున్నర కిలోల బిడ్డనీ ఒకే గాటన కట్టకూడదు.

యాంకర్: సిస్టర్, మీరైతే ముందు ఏం చూస్తారు?

స్టాఫ్ నర్స్: ఒళ్లు వెచ్చగా ఉందా లేదా. చంకలో థర్మామీటర్ పెడితే 36.5 డిగ్రీల సెల్సియస్ అయినా ఉండాలి. అంబులెన్సులో వచ్చే పిల్లల్లో కొందరికి 35 కూడా ఉండదు, పాదాలు చల్లగా, తలకి టోపీ లేదు, పుట్టినప్పటి తడి సరిగ్గా తుడవలేదు, పైన ఒక పల్చటి చీరముక్క. పంపిన చోట కాన్పు గది ఎలా ఉందో నాకు ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అదే నా బాధ.

యాంకర్: మీ దగ్గర మనుషులు సరిపోతున్నారా?

స్టాఫ్ నర్స్: షిఫ్టుకి మూడు నాలుగు పడకలకి ఒక నర్సు ఉండాలంటారు. రాత్రి డ్యూటీలో ఒకే వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే పడక) మీద ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టాల్సి వచ్చినప్పుడు ఆ మాట ఎక్కడ నిలుస్తుందండీ? ఒకరికి ఇన్ఫెక్షన్ ఉంటే రెండో బిడ్డ గురించి తెల్లవార్లూ టెన్షనే.

ప్రజారోగ్య పరిశోధకురాలు: నేనైతే తల్లికి లోపల మంచం ఉందా అని అడుగుతాను. 2021లో వచ్చిన డబ్ల్యూహెచ్‌ఓ అధ్యయనం మన దేశంతో కలిపి 5 దేశాల్లో జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి గుండెకి ఆనించి ఉంచితే మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. మన దగ్గర తల్లి ఒక వార్డులో, బిడ్డ ఇంకో అంతస్తులో!

యాంకర్: డిశ్చార్జి అయ్యాక?

పిల్లల డాక్టర్: అక్కడే మేం ఫైలు మూసేస్తున్నాం. రెండు కిలోల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టిన బిడ్డకి నెల తిరక్కుండా కంటి లోపలి పొర, అదే రెటీనా, పరీక్ష జరగాలి. ఆలస్యమైతే లేజర్ చేసే అదను దాటిపోయి, మేం బతికించి పంపిన బిడ్డే చూపు పోగొట్టుకోవచ్చు. ఎంతమందికి ఆ పరీక్ష సమయానికి అయిందో చూపించలేని యూనిట్‌కి, మరణాలు ఎంత తక్కువున్నా, నేను మార్కులు వేయను.