150 గజాల ఇంటికి ఆర్కిటెక్టుల సంఘం ఏం చేయాలి? – స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: ఒక ఆర్కిటెక్ట్, ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్, రిటైరైన టౌన్ ప్లానింగ్ అధికారి)

సమన్వయకర్త: నమస్కారం. విజయవాడ చుట్టుపక్కల 30 బై 45 స్థలం, అంటే 150 గజాలు కొనుక్కుని ఇల్లు కట్టేవాళ్లకు మేస్త్రి తెలుసు, ప్లాన్ పాస్ చేయించే ఎల్‌టీపీ, అంటే లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ తెలుసు. ఆర్కిటెక్టులకో సంఘం ఉందని చాలామందికి తెలియదు. మేడమ్, లైసెన్సులు ఇచ్చేది మీ సంఘమేనా?

ఆర్కిటెక్ట్: కాదండీ. రిజిస్ట్రేషన్ ఇచ్చేది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్. అది 1972 ఆర్కిటెక్టుల చట్టం కింద వచ్చింది. మాది, అంటే ఇండియన్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్, స్వచ్ఛంద సంఘం. 1917లో బొంబాయిలో పుట్టింది, రాష్ట్రాల్లో చాప్టర్లు, నగరాల్లో సెంటర్లు ఉన్నాయి. మా సభ్యుడు మిమ్మల్ని ముంచాడని మా దగ్గరికొస్తే కూర్చోబెట్టి మాట్లాడగలం గానీ, అతని రిజిస్ట్రేషన్ తీసేయలేం. ఆ ఫిర్యాదు కౌన్సిల్‌కే రాయాలి. అసలు పని అప్పగించే ముందే నంబరు అడగండి. సీఏ అనే అక్షరాలు, తర్వాత సంవత్సరం, తర్వాత వరుస సంఖ్య ఉంటాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరుతో సరిచూసుకోవచ్చు.

టౌన్ ప్లానింగ్ అధికారి: ఇంకో మాట. 2020లో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ఆర్కిటెక్ట్ అన్న పేరు పెట్టుకోవడానికే రిజిస్ట్రేషన్ కావాలి. డిజైన్ పని మిగతావాళ్లు చేయకూడదని ఆ చట్టంలో లేదు. కాబట్టి ఇంజనీరు ప్లాన్ పెడితే తప్పేం కాదు. తప్పల్లా సంతకం దగ్గరే. ఒకరు గీస్తారు, సైటు ముఖం చూడని ఇంకొకరు సంతకం పెడతారు. ప్లాన్ నిబంధనల ప్రకారమే ఉందని సంతకం పెట్టినవాళ్లే పూచీ ఇచ్చే స్వీయ ధృవీకరణ వచ్చాక ఆ సంతకం బరువు ఇంకా పెరిగింది.

సమన్వయకర్త: అద్దె సంతకాలు మీ వాళ్లలో లేవంటారా?

ఆర్కిటెక్ట్: ఉన్నాయి. మా సమావేశాల్లో అవార్డులకూ టైల్స్ కంపెనీల ప్రెజెంటేషన్లకూ దొరికే సమయం ఈ సంగతికి దొరకదు. సంఘం జనానికి పనికిరావాలంటే ముందు అక్కడ మొదలుపెట్టాలి.

సమన్వయకర్త: సరే, ప్లాన్ పాసైంది. ఇల్లు కట్టడానికి అది చాలదా?

స్ట్రక్చరల్ ఇంజనీర్: అది సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ), గదులు, ఎత్తు చూపించే కాగితం. మేస్త్రికి కావలసింది వేరు. కాలమ్ మార్కింగు, ఫుటింగులు (కాలమ్ కింది పునాదులు), ప్లింత్ (ఇంటి అరుగు) బీమ్, కాలమ్ షెడ్యూలు, స్లాబు రాడ్లు, పైపులైన్ల లెవెల్స్, కరెంటు పైపులు. ఇవి లేకపోతే మేస్త్రి అలవాటు ప్రకారం పోతాడు. ఆ అలవాట్లలో మొదటిది 9 అంగుళాల కాలమ్.

సమన్వయకర్త: అందరూ అదే వేస్తున్నారు కదా సార్?

స్ట్రక్చరల్ ఇంజనీర్: గోడ 9 అంగుళాలు, కాలమ్ అందులో కలిసిపోవాలని. భూకంపాలకు సంబంధించిన 2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణం పటంలో విజయవాడ మూడో భూకంప జోన్. అక్కడ భూకంపాన్ని తట్టుకునేలా రాడ్లు ఎలా అమర్చాలో చెప్పే ఐఎస్ 13920 పాటించాలి, దాని ప్రకారం కాలమ్ సన్న వైపు కనీసం 300 మిల్లీమీటర్లు, అంటే 12 అంగుళాలు ఉండాలి. 9 అంగుళాలంటే 230. రెండు పక్కలా 40 చొప్పున కవర్ (రాడ్లను కప్పే కాంక్రీటు పొర), 8 మిల్లీమీటర్ల రింగులు, 16 మిల్లీమీటర్ల రాడ్లు రెండు తీసేస్తే మధ్యలో మిగిలేది 102. అంతవరకూ నడుస్తుంది. బీమ్ వచ్చి కలిసేచోట పేచీ. బీమ్ కూడా 9 అంగుళాలే, దాని రాడ్లూ కాలమ్ రాడ్లూ ఒకే చోటికి వస్తాయి. అప్పుడు రాడ్డు పక్కకి వంచుతారు, కవర్ పోతుంది. జాయింటులో రింగులు కట్టడం కష్టమని మానేస్తారు. భూకంపంలో ముందు తెగేది అదే చోటు. రింగు కొక్కెం కూడా 135 డిగ్రీలు లోపలికి వంచాలి, సైట్లలో 90 దగ్గరే ఆపేస్తారు.

ఆర్కిటెక్ట్: 12 అంగుళాల కాలమ్ వేస్తే 3 అంగుళాలు గదిలోకి పొడుచుకొస్తుందని ఓనరు ఒప్పుకోడు. అక్కడే మా పని. ఆ 3 అంగుళాలు కప్‌బోర్డు వెనక పడేలా, లేదా బయటి వైపుకి వచ్చేలా గదులు సర్దాలి. ప్లాన్ గీసేటప్పుడే చేయాలి, ఫుటింగులు తవ్వాక కాదు.

స్ట్రక్చరల్ ఇంజనీర్: కవర్‌కి గ్రానైటు ముక్కలో టైల్ ముక్కలో పెడతారు. సిమెంటు కవర్ బ్లాకులు ఏమంత ఖరీదు కాదు. నీళ్ల సంగతి అంతకంటే ఘోరం. ఎం25 రకం కాంక్రీటుకి 50 కిలోల సిమెంటు సంచికి 25 లీటర్లు దాటకూడదు, ఇసుకలో తడి కూడా కలిపే. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కొలత ఎవరు చూస్తారు? జారుడుగా వస్తే చాలు.

సమన్వయకర్త: ఫోన్‌లో సింగ్‌నగర్ నుంచి ఒకరున్నారు. చెప్పండి.

ఫోన్‌లో ప్రేక్షకుడు: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో రోజుల తరబడి నిలిచాయండీ. గోడ మూల ఏటవాలుగా పగిలింది. సిమెంటు పూసి పెయింటు వేయించాం. మళ్లీ అదే చోట వచ్చింది.

స్ట్రక్చరల్ ఇంజనీర్: ముందు గోడ అవతలి వైపు అదే చోట చూడండి. అక్కడా ఉంటే అది ప్లాస్టరు పగులు కాదు, గోడే చీలింది. పగులుకి అడ్డంగా పల్చటి గాజు ముక్కని రెండు చివర్లా సిమెంటుతో అతికించి పక్కన తేదీ రాయండి. గాజు విరిగితే పునాది ఇంకా కదులుతున్నట్టే. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గమనించాలి. మీది నల్లరేగడైతే తడిసినప్పుడు ఉబ్బి ఎండినప్పుడు కుంచించుకుపోతుంది, ఊరికే పూసి ప్రయోజనం లేదు. డాబా నీళ్లు గోడ మొదట్లో పడుతున్నాయా, మురుగు పైపు కారుతోందా చూడండి. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు పరవండి. అదే పగులు కాలమ్ మీద రాడ్డు వెంబడి నిలువుగా, తుప్పు మరకతో కనిపిస్తే మాత్రం గాజు పెట్టి కూర్చోకండి, వెంటనే ఇంజనీరుకి చూపించండి.

టౌన్ ప్లానింగ్ అధికారి: వరద తర్వాత సంఘం చేయవలసింది ఇలా ఇళ్లు చూసి రాసుకురావడమే. ఒకే ఫారం, ఒకే ప్రశ్నలు, వీధి వీధికీ ఇద్దరు. స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఈ ఊళ్లోనే ఉంది, విద్యార్థులను వెంట తీసుకోవచ్చు. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీది మరకలను కొలిచి మ్యాపు మీద పెడితే కొత్త ఇళ్లకు ప్లింత్ ఎత్తు, మీటరు బోర్డు ఎత్తు చెప్పడానికి ఆధారం ఉంటుంది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాల్లో అదే మ్యాపు జతచేయవచ్చు. ఉత్త వినతిపత్రం కంటే దానికి విలువ ఎక్కువ.

సమన్వయకర్త: వారం వారం ఉచిత సలహా డెస్కు పెడితే?

ఆర్కిటెక్ట్: డెస్కు దగ్గర అరగంట ఉచితం, సైటుకొస్తే ఫీజు. రేటు గోడ మీద రాసిపెట్టాలి.

టౌన్ ప్లానింగ్ అధికారి: నాకు అనుమానమే మేడమ్. డెస్కులో కూర్చున్నాయనే రేపు ఆ పని పట్టుకుంటే అది క్లయింట్ల వేట అయిపోతుంది.

ఆర్కిటెక్ట్: అందుకే సలహా ఇచ్చిన సభ్యుడు ఆ ఇంటి పని తీసుకోకూడదని నియమం పెట్టాలి. పెట్టకపోతే మీరన్నదే జరుగుతుంది.

సమన్వయకర్త: వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలి?

ఆర్కిటెక్ట్: దస్తావేజు జిరాక్సు ఒక్కటే సరిపోదు. స్థలం నాలుగు వైపులా, రెండు మూలల అడ్డంగా టేపు పెట్టి కొలిచిన కొలతలు కావాలి, చాలా స్థలాలు మూలమట్టానికి ఉండవు. రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత తీయించి పైపు అడుగు భాగం ఎంత లోతులో ఉందో కొలిపించుకోండి. 4 అంగుళాల మురుగు పైపుకి 40 అడుగులకు ఒక అడుగు వాలు కావాలి. వెనక బాత్రూం నుంచి రోడ్డుదాకా 45 అడుగులుంటే అడుగు పైనే. ఆ లోతు తెలియకుండా ప్లింత్ ఎంత ఎత్తాలో మేం చెప్పినా అది ఊహే అవుతుంది.