బ్రిటన్‌లో మంచి ఊళ్ళు, చెడ్డ ఊళ్ళు: సాయంత్రం ఆరింటికి చూసి చెప్తున్నా

నమస్తే అండీ, అందరూ బాగున్నారా?

పోయిన నెల ఖమ్మం నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. వాళ్ళబ్బాయికి ఇక్కడ రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఫీజు ఎంతో తెలుసు, ర్యాంకింగ్ తెలుసు, కన్సల్టెన్సీ వాళ్ళు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ ఊరు ఎట్లుంటది?" అని. నేనీ దేశానికి వచ్చి పదకొండేళ్ళయింది. కోర్సు ఏది, వీసా ఎన్నాళ్ళు, పార్ట్‌టైమ్ దొరుకుతుందా అని అడిగినవాళ్ళు వందల మంది. ఊరి గురించి అడిగినవాళ్ళు చాలా తక్కువ. పిల్లలు బతికేది ఊళ్ళో కదా! అందుకే ఈ వీడియో.

ముందే ఒక మాట. ఇది నా అభిప్రాయం. ఊరు బాగోలేదు అంటే అక్కడి మనుషులు బాగోలేరని కాదు. నేను ఈ దేశంలో చెడ్డ ఊళ్ళలోనే చాలా మంచి మనుషులను చూశాను.

నేను ఊరిని ఎట్లా చూస్తానో చెప్తా. ఎండ కాసే ఆదివారం మధ్యాహ్నం బ్రిటన్‌లో ఏ ఊరైనా బాగుంటుంది. ఫోటోలన్నీ అప్పుడు తీసినవే. నేను వెళ్ళేది చలికాలంలో, వారం మధ్యలో. నవంబరులో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. సాయంత్రం ఆరింటికి రైలు దిగి, కారు లేకుండా, ఊళ్ళోకి నడుస్తాను. దుకాణాల్లో లైట్లున్నాయా, దారిలో మనుషులున్నారా, ఒంటరిగా నడుస్తుంటే భయమేస్తోందా, బస్సు వస్తుందా? కొత్తగా వచ్చిన పిల్లకో పిల్లాడికో క్లాసో షిఫ్టో అయ్యాక ఎదురయ్యే ఊరు అదే.

నా మొదటి ఊరు కోవెంట్రీ. అక్కడ రింగ్ రోడ్ అని ఒకటుంది. ఊరి నడిబొడ్డు చుట్టూ రెండు మైళ్ళ పైచిలుకు పొడవున, చాలాచోట్ల స్తంభాల మీద లేచి తిరుగుతుంది. 1974లో పూర్తయింది. కార్లో వెళ్ళేవాళ్ళకు సుఖమే. నడిచేవాళ్ళకు అది ఊరి చుట్టూ కట్టిన గోడ. నా గది దానికి అవతల ఉండేది. రోజూ రాత్రి కింద సబ్‌వే లోంచి దాటేదాన్ని. సబ్‌వే అంటే ఇక్కడ నేల కింద నడిచే దారి. టైల్స్ ఊడిపోయిన గోడలు, ఒకటి వెలిగి ఒకటి ఆరే ట్యూబ్‌లైట్లు, నా చెప్పుల చప్పుడు నాకే వెనక నుంచి ఇంకొకరు వస్తున్నట్టు వినిపించేది. ఆ రెండు నిమిషాలూ అమ్మకు ఫోన్ చేసి మాట్లాడుతూ నడిచేదాన్ని. అమ్మకు మాత్రం భయం సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు స్టేషన్ వైపు బాగా మార్చారు, ఊళ్ళోకి నడక తేలికైంది. మిగతా గోడ అలాగే ఉంది.

కానీ కోవెంట్రీని చెడ్డ ఊరని నేను అనలేను. 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలు ఆ ఊరిని కాల్చేశాయి. పాత కెథీడ్రల్‌కు, అంటే పెద్ద చర్చికి, గోడలు, శిఖరం మిగిలాయి. ఆ శిథిలాన్ని కూల్చకుండా ఉంచి, దాని పక్కనే బాసిల్ స్పెన్స్ గీసిన కొత్త కెథీడ్రల్ కట్టి 1962లో ప్రారంభించారు. పైకప్పు లేని పాత గుడిలో, బలిపీఠం వెనక గోడ మీద రెండే మాటలు చెక్కి ఉంటాయి: "తండ్రీ, క్షమించు." ఎవరిని క్షమించాలో రాయలేదు. నేను మొదటి ఉద్యోగం పోగొట్టుకున్న రోజు వానలో అక్కడే కూర్చున్నాను. ఇంతటి చోటు పెట్టుకున్న ఊరు, నడిచేవాళ్ళను నేల కిందికి ఎందుకు తోసిందా అని ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత మిల్టన్ కీన్స్. ఇక్కడ మన తెలుగు కుటుంబాలు బోలెడు, నా మీద కోపం తెచ్చుకోకండి. 1967లో పొలాల మధ్య కొత్తగా గీసి కట్టిన ఊరు ఇది. రోడ్లు గళ్ళ నోటుబుక్కులా ఉంటాయి, అడ్డం రోడ్లకు హెచ్ నంబర్లు, నిలువు రోడ్లకు వి నంబర్లు. గడి కలిసిన ప్రతిచోటా రౌండబౌట్. 2022లో సిటీ హోదా కూడా వచ్చింది. ఇక్కడ హోదా ఇచ్చేది రాజో రాణో, ఊరి సైజుకీ దానికీ లెక్క లేదు. రీడింగ్ అంత పెద్ద ఊరు ఇంకా టౌనే, వేల్స్‌లో రెండు వేల మంది కూడా లేని సెయింట్ డేవిడ్స్ మాత్రం సిటీ.

మిల్టన్ కీన్స్‌లో చెట్లున్నాయి, చెరువులున్నాయి, సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ రెడ్‌వేలని ఎర్రదారులున్నాయి. విల్లెన్ చెరువు గట్టున 1980లో కట్టిన బౌద్ధ శాంతి స్తూపం ఉంది, తెల్లగా, ఎంత ప్రశాంతంగా ఉంటుందో. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక కారు ఉంటే హాయిగా బతకొచ్చు. కారు లేకుండా ఒక్కరే ఉంటే? నేను రెండేళ్ళు అట్లానే ఉన్నా. స్టేషన్ నుంచి షాపింగ్ సెంటర్ దాకా తిన్నని రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడవాలి, పక్కన అంతా ఆఫీసులు, కార్ పార్కింగులు. ఆరు దాటితే ఆఫీసులు ఖాళీ. ఎర్రదారి పొదల మధ్యలోంచి పోతుంది, మధ్యాహ్నం ఎంత బాగుంటుందో రాత్రి అంత బెరుకు. పొరపాటున కూడా ఒక మనిషి ఎదురుపడని ఊళ్ళో ఉన్నానని ఏడుపొచ్చిన సాయంత్రాలు నాకు గుర్తున్నాయి. కాబట్టి సంసారానికి మంచిది, ఒంటరి స్టూడెంట్‌కు వద్దు. అదే నా తీర్పు.

ఇక నా లెక్కలో అట్టడుగున ఉన్నది బ్లాక్‌పూల్. ఈ మాట అనడానికి మనసు రావడం లేదు. ఒకప్పుడు ఉత్తర ఇంగ్లాండ్ మిల్లు కార్మికులందరికీ అది ఏడాదికొక్క పండగ. మిల్లులు మూసి ఊరికి ఊరే రైలెక్కి అక్కడికి వెళ్ళేది. 1885 నుంచి ట్రామ్ నడుస్తోంది. 1894లో కట్టిన టవర్ 158 మీటర్లు. సముద్రం ఒడ్డున నిలబడి చూస్తే ఇప్పటికీ గుండె పొంగుతుంది. అక్కడి నుంచి రెండు వీధులు లోపలికి నడవండి. చవకగా విమానాల్లో స్పెయిన్ వెళ్ళడం అలవాటయ్యాక ఇక్కడికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఖాళీ పడ్డ గెస్ట్‌హౌసులను ఒక్కో గదిగా చీల్చి, ఎక్కడా ఇల్లు దొరకని పేదవాళ్ళకు అద్దెకిచ్చారు. 2019లో ప్రభుత్వం ఇంగ్లాండ్‌కు వేసిన లెక్కల్లో అత్యంత వెనకబడిన పది పేటల్లో ఎనిమిది ఈ ఒక్క ఊళ్ళోనే ఉన్నాయి. నేను ఫిబ్రవరిలో వెళ్ళా. ఒక గెస్ట్‌హౌస్ కిటికీలో "గదులు ఖాళీ" అన్న బోర్డు ఎండకు రంగు వెలిసిపోయి ఉంది, దాని వెనక చిరిగిన పరదా, పరదా పక్కన చిన్నపిల్లాడు బయటికి చూస్తున్నాడు. బస్‌స్టాప్‌లో ఒక పెద్దాయన నా చేతిలో మ్యాప్ చూసి, టీ ఎక్కడ బాగుంటుందో చెప్పి, ఆ వానలో అక్కడిదాకా వచ్చి చూపించి వెళ్ళాడు. ఊరు ఆయనకు చేసిన అన్యాయం ఆయన ఎవరి మీదా చూపించడం లేదు.

బాత్, యార్క్ గురించి అడుగుతారు. రెండూ చూడాల్సినవే. బాత్‌లో రోమన్లు కట్టిన స్నానశాలలోకి వచ్చే ఊటనీళ్ళు సహజంగానే 46 డిగ్రీల వేడి. తేనెరంగు రాతి మేడలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కానీ రెంట్లు ఆకాశంలో ఉంటాయి, చూసిపోయేవాళ్ళ ఊరు అది. యార్క్‌లో పాత కోటగోడ మీద నడక, పైసా తీసుకోని రైల్వే మ్యూజియం నాకు చాలా ఇష్టం. నదికి వరద వచ్చినప్పుడు ఒడ్డు వీధుల్లో నీళ్ళు నిలబడతాయి, ఇల్లు తీసుకునేవాళ్ళు అది చూసుకోండి. లూటన్, స్లౌ ఊరికే అందరి నోళ్ళలో పడి నలిగిపోయాయి. లండన్‌కు దగ్గర, పని దొరుకుతుంది, మన సరుకులు దొరుకుతాయి. అందం లేదు, అవసరం తీరుతుంది.

అందానికి మాత్రం ఎడిన్‌బరో తర్వాతే ఏదైనా. వేవర్లీ స్టేషన్ పల్లంలో ఉంటుంది. మెట్లెక్కి పైకి రాగానే ఒకపక్క అగ్నిపర్వతపు రాయి మీద కోట, ఇంకోపక్క 1767 ప్లాన్ ప్రకారం గీసిన న్యూ టౌన్ వరుసలు. సాయంత్రం ఆరింటికి జనం కళకళలాడుతూ ఉంటారు. బస్సులు ఎడిన్‌బరో కౌన్సిల్, చుట్టుపక్కల కౌన్సిళ్ళ సొంతం, టైముకు వస్తాయి. ఆగస్టులో ఫెస్టివల్ నెల మాత్రం అద్దెకు గది వెతుక్కునే స్టూడెంట్లకు నరకమే. సెప్టెంబరు ఇన్‌టేక్‌కు వచ్చేవాళ్ళు జూన్‌లోనే గది ఖాయం చేసుకోండి.

ఇక ఖమ్మం ఆవిడ లాంటి తల్లులకు ఒక ఊరు చెప్తా. లెస్టర్. 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ తన దేశం నుంచి ఆసియా వాళ్ళందరినీ వెళ్ళగొట్టినప్పుడు, లెస్టర్ కౌన్సిల్ అక్కడి పేపర్లో ప్రకటన వేసింది, మా ఊరికి రాకండి అని. అయినా వేలమంది వచ్చారు. మూతపడుతున్న ఫ్యాక్టరీల పక్కన కుట్టుమిషన్లు పెట్టారు, కొట్లు పెట్టారు. వద్దన్న ఆ ఊరే ఈరోజు దీపావళికి బెల్‌గ్రేవ్ రోడ్డు నిండా దీపాలు కడుతుంది. చలికాలం ఆరింటికి ఆ రోడ్డుకు వెళ్ళండి. చీరల షాపులు వెలిగిపోతుంటాయి, వేడి జిలేబీ వాసన వస్తుంది, ఎవరో ఒకరు "ఎక్కడి నుంచి వచ్చావమ్మా" అని హిందీలోనో గుజరాతీలోనో పలకరిస్తారు. తెలుగు కాకపోయినా ఆ పలకరింపుకు ఎంత బలముంటుందో ఒంటరిగా ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి కూడా పెద్ద దూరం కాదు. 2006లో ప్రతిష్ఠ జరిగింది. శనివారం అక్కడ క్యూలో నిలబడితే చెవుల నిండా మన తెలుగే.

సరే, నాకు అన్నిటికంటే నచ్చిన ఊరు షెఫీల్డ్. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా. ఇక్కడే ఉన్నందుకు చెప్తున్నానని అనుకోకండి, నచ్చింది కాబట్టే ఉంటున్నా.

మన వంటింట్లో స్టీలు గ్లాసు, స్టీలు క్యారియర్ లేని ఇల్లుందా? తుప్పు పట్టని ఆ ఉక్కును 1913లో హ్యారీ బ్రియర్లీ ఈ ఊళ్ళోనే కనిపెట్టాడు. తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏం చేయాలని వెతుకుతుంటే దొరికింది. నేను ఇండియా నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాలో పచ్చడి పెట్టుకుని ఇదే ఊరికి వచ్చానని తర్వాత తెలిసి చాలా సంతోషమేసింది.

స్టేషన్ బయటికి రాగానే ఉక్కు గోడ మీంచి జారే నీళ్ళు. ఎత్తెక్కితే వింటర్ గార్డెన్. పెద్ద చెక్క కమానుల మీద అద్దాల కప్పు, లోపల వేడి దేశాల చెట్లు, బెంచీలు. టికెట్ లేదు, ఏమీ కొనక్కర్లేదు, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేపరు. డబ్బులు లేని రోజుల్లో అక్కడ కూర్చుని ఎన్ని అప్లికేషన్లు రాశానో! ఇక్కడ బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవర్‌కు థాంక్స్ చెప్తారు. డ్రైవర్ ఎంత పెద్దవాడైనా "లవ్" అని పిలుస్తాడు, మన ఊళ్ళో "తల్లీ" అన్నట్టు. ఊరి హద్దులో మూడో వంతు పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్‌లోనే ఉంది. ఆదివారం సిటీ బస్సు ఎక్కి కొండల్లో దిగొచ్చు, కారు అక్కర్లేదు.

ఒక సంగతి చెప్తే ఈ ఊరంటే ఏంటో మీకు తెలుస్తుంది. మా వీధిలో ఒక పాత లైమ్ చెట్టుంది, పేరు లైమే కానీ నిమ్మజాతి కాదు. దాని వేరు పేవ్‌మెంట్ రాతిపలకను బెత్తెడు పైకి లేపింది, వానకు ఆ వంకర కింద నీళ్ళు నిలుస్తాయి, తెలియనివాళ్ళు తట్టుకుంటారు. ఇలాంటి కారణాలతోనే కౌన్సిల్ రోడ్ల కాంట్రాక్టు కింద వేల చెట్లు కొట్టించింది. జనం ఒప్పుకోలేదు. చెట్టు కింద నిలబడ్డారు, కోర్టుకెక్కారు. 2016 నవంబరులో రస్ట్లింగ్స్ రోడ్డులో తెల్లారకముందే వచ్చి చెట్లు కొడుతుంటే అడ్డుపడ్డారని, డెబ్బై ఏళ్ళ వయసున్న ఇద్దరు ఆడవాళ్ళను పోలీసులు అరెస్టు చేశారు. అయినా వెనక్కి తగ్గలేదు. చివరికి 2023లో విచారణ నివేదిక వచ్చింది, కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. మా వీధి చెట్టు మిగిలింది. పక్కింటావిడ ఇప్పటికీ రోజూ దాని మొదలు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎత్తుపల్లాలు విపరీతం, మంచు గడ్డకట్టిన రోజు మా వీధి దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఐటీ ఉద్యోగాలు మాంచెస్టర్, లీడ్స్‌లో ఉన్నన్ని లేవు. దగ్గర్లోని డాన్‌కాస్టర్ ఎయిర్‌పోర్టు 2022లో మూతపడింది, ఇండియా వెళ్ళాలంటే మాంచెస్టర్ పోవాలి. టౌన్‌లో పెద్ద దుకాణాలు మూతపడి ఖాళీగా ఉన్న చోట్లు కళ్ళకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇవన్నీ చూసుకునే రండి.

ఖమ్మం ఆవిడ అబ్బాయికి వచ్చిన రెండు సీట్లలో ఒకటి కోవెంట్రీ, ఒకటి హల్. కోవెంట్రీ సంగతి ఆవిడకు ఇప్పుడు చెప్పినట్టే చెప్పా, రింగ్ రోడ్‌కు లోపల గది చూసుకోమన్నా. హల్‌కు నేను ఒక్కసారే వెళ్ళా, అదీ ఎండాకాలం, మధ్యాహ్నం. మిగతా దేశంలో ఎర్రగా ఉండే ఫోన్ బూత్‌లు అక్కడ మీగడరంగులో ఉన్నాయని గుర్తుంది, అంతే. దాన్ని బట్టి ఒక తల్లికి మాట ఇవ్వలేను. అందుకే వచ్చే మంగళవారానికి టికెట్ తీసుకున్నా. రైలు ఆరింటికి చేరుతుంది. కెమెరా తీసుకెళ్తున్నా, యూనివర్సిటీ దాకా నడిచి చూపిస్తా.