నీడను కొలవాలా, వెలుగును కాచుకోవాలా?

శ్రోతలకు నమస్కారం.

ఫిల్ము ఉన్నది ఉన్నట్టు చూపేదని, కంప్యూటర్ వచ్చాకే ఫొటోలో కల్పన చొరబడిందని చాలామంది అనుకుంటారు. నిజానికి 1857లోనే ఆస్కార్ రైలాండర్ అనే ఫొటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగటివ్‌లను కలిపి ఒకే చిత్రంగా ముద్రించాడు. ఫొటోషాప్ వచ్చింది 1990లో. మన ఊళ్ల స్టూడియోలలో కూడా నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో ముఖంలోని ముడతలు సవరించడం మామూలు పనే. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటోలైతే ఇక చెప్పనక్కరలేదు.

డిజిటల్ కెమెరా సంగతి మరీ విచిత్రం. 1976లో కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన పద్ధతిలో, సెన్సర్ (ఫిల్ముకు బదులుగా వెలుగును పట్టే పలక) మీది ఒక్కొక్క బిందువు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఒకే ఒక రంగును కొలుస్తుంది. తక్కిన రెండింటినీ కెమెరా చుట్టుపక్కల బిందువులను బట్టి లెక్కగట్టి నింపుతుంది. కనుక ఏది నిజం, ఏది కల్పన అనే తగవు కంటె, ఫొటో తీసేవారి నిర్ణయం ఎప్పుడు, దేనిమీద పడుతున్నదో చూడటమే ఉపయోగమని నా అభిప్రాయం.

తిరుపతి గంగమ్మ జాతరనే తీసుకుందాం. మే నెల ఎండలో భక్తులు బైరాగి వేషానికి తెల్లని నామం కొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు ఒంటినిండా పూసుకుంటారు. నెగటివ్ ఫిల్ము వెలుగు కొంత ఎక్కువైనా ఓర్చుకుంటుంది గాని, తక్కువైతే నీడలోని వివరాన్ని పట్టుకోలేదు. అందువల్ల ఫిల్ము తెలిసినవారు ముందు నీడను కొలిచి ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ముమీద ఎంత వెలుగు పడాలో, నిర్ణయించేవారు, పైగా రీలులో ఉన్నవి 36 ఫ్రేములే గనుక ఆ నిర్ణయం మీట నొక్కకముందే జరిగిపోవాలి. సెన్సర్ స్వభావం ఇందుకు తలకిందులు. నీడను తరువాత కొంతవరకు పైకి తేవచ్చు గాని, హద్దు దాటిన తెలుపులో వెతకడానికి ఏమీ మిగలదు. అక్కడ కాచుకోవలసింది నామం కొమ్ము తెలుపును. ఫ్రేములకు కొదువ లేదు కాబట్టి, నేర్పంతా వందలలో ఒకటి ఏరుకోవడంలోకి, దానిని తీర్చడంలోకి మారింది.

ఇప్పుడు చాలా ఫోన్లు ఒక్క నొక్కుకు పలు ఫ్రేములు తీసి, కలిపి, నీడలన్నిటినీ తామే తేటపరుస్తున్నాయి. దానితో తోటి వేషం బొగ్గు నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. ప్రతి గీతా కనబడుతుంది, వేషంలోని తీవ్రత మాత్రం పోతుంది. ఆ తేటను కొంత వదులుకొని నలుపును తెరమీద మళ్లీ దించేవారు, డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దదిగా కాగితంమీద పడేసే దీపయంత్రం) కింద ప్రింటులోని ఆ భాగానికే మరికొన్ని సెకన్లు వెలుగు పట్టించి నల్లబరచిన పాతవారి పనినే చేస్తున్నారు.