టెస్టర్ లేని టీమ్‌లో ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు?

నమస్తే అండీ. "డెవలపర్లే టెస్టులు రాసుకుంటున్నారు, ఆటోమేషన్ ఉంది, ఇంక విడిగా టెస్టర్ ఎందుకు?" ఈ మాట ఐటీలో ఉన్నవాళ్లు వినే ఉంటారు. టెస్టర్ అంటే, సాఫ్ట్‌వేర్ జనాల చేతికి వెళ్లేముందు అందులో తప్పులు వెతికే మనిషి. విడిగా ఆ మనిషి ఎందుకు కావాలో చెప్తాను. ముందు ఒక పాత కేసు.

థెరాక్-25 అని, కెనడా ప్రభుత్వ సంస్థ ఏఈసీఎల్ తయారుచేసిన రేడియేషన్ మిషన్. క్యాన్సర్ పేషెంట్లకు వాడేవాళ్లు. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి దీనివల్ల మోతాదుకు ఎన్నో రెట్లు మించి రేడియేషన్ తగిలింది. ప్రాణాలు పోయాయి. పాత మోడల్‌లో ప్రమాదాన్ని ఆపడానికి విడిగా హార్డ్‌వేర్ లాక్‌లు ఉండేవి. ఇందులో అవి తీసేసి, ఆ బాధ్యత సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు.

1986 మార్చిలో టెక్సస్‌లోని టైలర్ అనే ఊళ్లో ఒక పేషెంట్‌కి ఇలా జరిగింది. స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది, అంతే. కంపెనీ ఇంజనీర్లు వచ్చి ఎంత ప్రయత్నించినా ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు. ఏప్రిల్‌లో మిషన్ మళ్లీ వాడకంలో పెట్టారు. కొద్ది రోజులకే అదే ఆస్పత్రిలో ఇంకొకరు బలయ్యారు.

చివరికి దాన్ని పట్టుకున్నదెవరో తెలుసా? ఆ ఆస్పత్రి ఫిజిసిస్టు, మిషన్ నడిపే ఆపరేటరు. ఇద్దరూ కూర్చుని, ఆ రోజు ఏ కీ తర్వాత ఏ కీ నొక్కారో అదే వరసలో మళ్లీ మళ్లీ చేసి చూశారు. ఆ మిషన్‌లో ఎలక్ట్రాన్, ఎక్స్‌రే అని రెండు రకాల కిరణాలు ఉంటాయి. ఎలక్ట్రాన్‌కి "ఇ" కొట్టాల్సిన చోట ఆ ఆపరేటరమ్మ ఎక్స్‌రే అని "ఎక్స్" కొట్టారు. వెంటనే కర్సర్ పైకి తీసుకెళ్లి దిద్ది, చకచకా ఎంటర్లు కొట్టుకుంటూ కిందికి వచ్చేశారు. రోజూ చేసే పని కదా, చెయ్యి తిరిగిపోయింది. మిషన్ లోపల మాగ్నెట్లు సెట్ కావడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆలోపే దిద్దేస్తే ఆ మార్పు ప్రోగ్రామ్‌కి అందడం లేదు! కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి చెప్తే, ఆయనకి అప్పుడు కూడా రాలేదు. వేగంగా కొట్టాలి అని చెప్పాకే వచ్చింది.

ఆ వేగం కోడ్ రాసినవాళ్ల ఊహలో లేదండీ. ప్రోగ్రామ్ ఎలా నడవాలో వాళ్లకి తెలుసు, చెయ్యి ఆ దారిలోనే పోతుంది. అది వాళ్ల తప్పు కాదు, మనిషి బుర్ర అంతే. అందుకే వేరే బుర్ర కావాలి.

"అది పాతకాలం, ఇప్పుడు టెస్టులన్నీ ఆటోమేటిక్" అంటారా? 2024 జూలై 19 చూడండి. మన టైం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కి ఒక అప్‌డేట్ వదిలింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మిషన్లు దెబ్బతిన్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో ఇండిగో వాళ్లు బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. కారణం: ఒకచోట 21 ఫీల్డులు అని డిఫైన్ చేశారు, ఇంకోచోట కోడ్ పంపేది 20 విలువలే. టెస్టులు లేక కాదు, ఉన్నాయి. కానీ ఆ టెస్ట్ డేటాలో 21వ ఫీల్డు దగ్గర "ఏదైనా సరే" అని వైల్డ్‌కార్డ్ పెట్టారు. దాంతో లేని విలువను చదవాల్సిన అవసరమే పడలేదు, అన్నీ పాస్. అక్కడ టెస్టర్లు లేరని నేను అనట్లేదు. "21వ దాంట్లో నిజంగా ఏదైనా పెడితే?" అనే ప్రశ్న మాత్రం సమయానికి రాలేదు. ఆటోమేషన్ మనం అడిగిన ప్రశ్నే అలుపు లేకుండా అడుగుతుంది. కొత్త ప్రశ్న మనిషి దగ్గర్నుంచే రావాలి.

యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌లో ఒక్కో చిన్న ముక్కని పరీక్షించేవి, డెవలపర్లే రాయాలి, అందులో నాకు రెండో మాట లేదు. నా బాధ వేరే. అమీర్‌పేటలో కోర్సు చేసి టెస్టింగ్‌లో చేరిన కుర్రాళ్లని "డెవలప్‌మెంట్ రాలేదా?" అని అడుగుతారే, ఆ చూపు పోవాలి. రిలీజ్‌కి ముందు రోజు సాయంత్రం బిల్డ్ (తయారైన సాఫ్ట్‌వేర్) చేతిలో పెట్టి "చూసెయ్ బాబూ" అంటే వాళ్లేం చూస్తారు? రిక్వైర్‌మెంట్ మీటింగ్ మొదటి రోజే టెస్టర్‌ని కూర్చోబెట్టండి. యూజర్లతో మాట్లాడనివ్వండి. వాళ్లు "ఈ రిలీజ్ ఆపండి" అంటే, మేనేజర్ సరే అనో కాదు అనో చెప్పేముందు ఎందుకు ఆపాలో పూర్తిగా వినే పద్ధతి పెట్టండి.