ఏడుగురు పిల్లలున్న ఇంట్లో చదువు: ఉదయం టైమ్‌టేబుల్ వేసుకునే పద్ధతి

అందరికీ వందనాలండీ. ఏడుగురు పిల్లలు, అందరికీ చదువు ఇంట్లోనే. అలాంటి ఇంటికి ఉదయం టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలో చూద్దాం. తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వద్దు, మొదటి రెండు వారాలు చెరపడమే సరిపోతుంది.

లెక్క కోసం వయసులు ఇలా అనుకుందాం: 13, 11, 9, 7, 5, 3, ఇంకా పాకే పాపాయి. చదువుకునేవాళ్లు ఐదుగురు. ఒక్కొక్కరికి నాలుగు సబ్జెక్టులు, సబ్జెక్టుకు అరగంట చొప్పున విడివిడిగా చెబితే 10 గంటలు. చెప్పే మనిషి ఒక్కరే. స్కూలు టైమ్‌టేబుల్‌ని ఉన్నదున్నట్టు ఇంటికి తెచ్చుకుంటే బెడిసికొట్టేది ఇక్కడే.

అందుకని సబ్జెక్టులను రెండుగా విడదీయండి. చరిత్ర, సైన్సు, చదివి వినిపించే పుస్తకం... ఇవి అందరినీ కలిపి కూర్చోబెట్టి చెప్పేవి. పాఠం ఒకటే. విన్నాక ఐదేళ్లవాడు బొమ్మ గీస్తాడు, తొమ్మిదేళ్లది తన మాటల్లో తిరిగి చెబుతుంది, పదమూడేళ్లవాడు ఒక పేజీ రాస్తాడు. లెక్కలు, చదవడం, రాయడం మాత్రం కలపకండి, ఎవరి మెట్టు వాళ్లది.

ఇప్పుడు రాసుకోండి. కుటుంబ ప్రార్థన 20 నిమిషాలు. కలిపి చెప్పే పాఠాలు 60. విడిగా ఐదేళ్లవాడికి 20, ఏడేళ్లదానికి 40, తొమ్మిదేళ్లదానికి 30, పదకొండేళ్లవాడికి 20, పెద్దవాడికి 15. మొత్తం 205 నిమిషాలు, అంటే 3 గంటల 25 నిమిషాలు. ఏడేళ్లదానికే ఎక్కువ ఎందుకంటే, చదవడం అప్పుడప్పుడే పట్టుబడే వయసు. అక్కడ కోత పెడితే పై సబ్జెక్టులన్నీ కుంటుతాయి.

వరుస చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఐదేళ్లవాడికి 10 నిమిషాల చొప్పున రెండు సార్లు, ఒకేసారి 20 కాదు. పెద్దవాళ్లు ఆలోగా సొంతంగా చేసే పని మొదలుపెడతారు. మరి మధ్యలో "అమ్మా, ఇది రావట్లేదు" అని వస్తే? ఒక్కొక్కరికి రెండు బట్టల క్లిప్పులు ఇవ్వండి. రాని లెక్క దగ్గర పేజీకి క్లిప్పు పెట్టి తర్వాతి దానికి వెళ్లాలి. రెండు క్లిప్పులూ అయిపోతే అప్పుడు లేచి రావచ్చు. లెక్కలు ఏ రోజువి ఆ రోజే దిద్దాలి. వారానికోసారి దిద్దితే తప్పు పద్ధతి చేతికి అలవాటైపోయి ఉంటుంది, దాన్ని మాన్పించడం కొత్తది నేర్పడం కంటే కష్టం.

మూడేళ్లవాడి సంగతి. ఐదు ఆటవస్తువుల పెట్టెలు సర్దండి, రోజుకొకటి. పాఠాల టైములో తప్ప అవి బయటికి రాకూడదు. అరగంట కాగానే లోపల పెట్టేయాలి, మోజు పోకుండా. టిష్యూ రోలు లోపలి అట్ట గొట్టంలో దూరేంత చిన్న వస్తువు ఏదీ అందులో వేయకండి, పక్కనే పాకే పాపాయి నోట్లో పెట్టుకుంటుంది. చిన్నవాళ్లను చూసుకోవడం పెద్దవాళ్లకు వంతులవారీగా, ఒక్కొక్కరికి అరగంట, అంతే. ఎప్పుడూ పెద్దమ్మాయికే అప్పజెబితే ఆమె చదువు వెనకబడుతుంది, పైగా అది అన్యాయం.

ఇక ప్రార్థన. ఒక పాట, బైబిల్ నుంచి పది పదిహేను వచనాలు, కంఠత వాక్యం, ప్రార్థన. నెలంతా ఒకే పాట, వారానికొక చరణం నేర్పితే పుస్తకం లేకుండా పాడేస్తారు. బైబిల్లో సామెతల గ్రంథం 31 అధ్యాయాలు కాబట్టి తేదీ ప్రకారం రోజుకొకటి చదువుతుంటారు చాలామంది. మంచిదే. కానీ 5, 7 అధ్యాయాలు, 6వ అధ్యాయం చివరి భాగం చిన్నపిల్లల ముందు చదివేవి కావు. వాటిని పెద్దపిల్లలతో విడిగా చదవండి, ఆ రోజుల్లో అందరికీ ఒక కీర్తన పెట్టుకోండి. 119వ కీర్తన జోలికి మాత్రం పోవద్దు, 176 వచనాలు!

కంఠత వాక్యాలు ఈ వారం వచ్చి వచ్చే నెల మర్చిపోతారు. దానికి ఒక పెట్టె చేద్దాం. వాక్యాల కార్డులు పట్టే పెట్టె, 41 అట్ట అడ్డాలు. ఒకదాని మీద "రోజూ" అని రాయండి, రెండింటి మీద "సరి", "బేసి", ఏడింటి మీద వారాల పేర్లు, మిగతా 31 మీద తేదీలు. కొత్త కార్డు "రోజూ"లో పెట్టండి. అందరికీ వచ్చాక సరి, బేసి తేదీల్లోకి, తర్వాత ఒక వారంలోకి, చివరికి ఒక తేదీలోకి జరపండి. రోజూ నాలుగు అరలే తీస్తారు: రోజూ, సరి లేదా బేసి, ఆ వారం, ఆ తేదీ. అయిదు నిమిషాల పని. పెద్దవాళ్లకు వచ్చింది కదా అని కార్డు జరిపేయకండి, అందరిలోకీ నెమ్మదిగా నేర్చుకునే బిడ్డకు వచ్చాకే జరపాలి. 31వ తేదీ అర ఏడాదిలో ఏడు నెలలే తెరుచుకుంటుంది, అక్కడ గట్టిగా వచ్చినవే ఉంచండి.

బట్టలు ప్రార్థనకు ముందే మెషీన్లో వేసేయండి. రంగుల ప్రకారం కాకుండా మనుషుల ప్రకారం ఉతికితే, ఇవాళ ఇద్దరివి, రేపు ఇద్దరివి, ఎవరివి ఎవరివో ఏరే పని ఉండదు. రంగు దిగే కొత్త బట్టలు మాత్రం వేరుగా. ఇంటిపనుల వంతులు వారానికోసారి మార్చకండి, పని చేయి తిరిగేలోపే మారిపోతుంది. మూడు నెలలు ఉంచండి. గిన్నెల కింద జిడ్డు ఎవరి వంతులో మిగిలిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇంటి చదువు నియమాలు దేశానికొక రకం. జర్మనీలో సాధారణంగా అనుమతే లేదు. మీ దగ్గర నమోదు, హాజరు, పరీక్షలు ఏమేం కావాలో ముందే కనుక్కోండి. నెలకొకసారి ఒక్కో బిడ్డ నోటు పుస్తకం నుంచి సబ్జెక్టుకొక పేజీ తీసి, తేదీ వేసి, ఫైల్లో పెట్టండి.

టైమ్‌టేబుల్ అయ్యాక కాగితం మీద ఒకసారి చూసుకోండి: 15 నిమిషాల ఖాళీ రెండు చోట్లయినా ఉందా? లేకపోతే ఇప్పుడే ఏదో ఒక పాఠం మధ్యాహ్నానికి జరపండి. పాపాయి నిద్ర లేచేది ఆ ఖాళీలోనే.