పంక్తిభేదం

అందరికీ నమస్కారం. ఈ సమావేశం మొదట ఒంటిగంటకి అనుకున్నారు. పదింటికి మార్చమని నేనే అడిగాను. పిల్లల ఆకలి గురించి ఆకలి మీదున్న పెద్దలకి చెబితే తలకెక్కదని నా అనుభవం. మనకే తలకెక్కనప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లకి ఎక్కాలేం ఎక్కుతాయి?

నేను ఇరవై ఆరేళ్ళు లెక్కలు చెప్పాను. మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. సోమవారం వచ్చిందంటే మొదటి పీరియడ్ సగం కాకముందే బల్ల మీద తల వాల్చేసేది. ఏమిటమ్మా అంటే "కడుపు నొప్పి టీచర్" అనేది. పడుకోమని పక్క గదికి పంపేదాన్ని. మూడు సోమవారాలు అలాగే గడిచాయి. లెక్కలంటే టెన్షన్ అనుకున్నాను, నిజం చెబుతున్నాను. నాలుగో వారం మా ఆయా అడిగింది, "పొద్దున ఏం తిన్నావే?" అని. ఆ పిల్ల ముందు నా వంక చూసింది. తర్వాత "తిన్నాను" అంది. ఏం తిన్నదో చెప్పలేదు. ఆయా గ్లాసుడు పాలు తెచ్చిస్తే వద్దని చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆయా బతిమాలలేదు. గ్లాసు కిటికీలో పెట్టేసి, "నాకు పనుంది, టీచర్‌గారికీ పనుంది" అంటూ నన్ను కూడా బయటికి లాక్కొచ్చింది. పది నిమిషాలాగి వెళ్ళి చూస్తే గ్లాసు ఖాళీ. ఖాళీ చెయ్యడమే కాదు, కడిగి బోర్లించింది కూడా.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ బోర్లించిన గ్లాసు గురించే. పిల్లకి ఆకలి ఉంది, ఎదురుగా పాలున్నాయి. మధ్యలో అడ్డం మేమిద్దరం. బడిలో టిఫిన్, భోజనం పెట్టే పథకాల గురించి మాట్లాడేటప్పుడు ఏం పెడుతున్నాం, ఎంత పెడుతున్నాం అని లెక్కలు వేస్తాం. ఎలా పెడుతున్నాం అన్న దగ్గర జారిపోతాం. దీనికి మన భాషలో ఒక మాట ఉంది: పంక్తిభేదం. ఒకే బంతిలో కూర్చున్నవాళ్ళకి ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా వడ్డించడం. పెద్దవాళ్ళు దాన్ని పాపం అనేవారు. బంతిలో తేడా చూపించడం పాపమన్న ఆ పెద్దవాళ్ళే కొందరికి వేరే బంతులు వేశారు, అది మరో సంగతి. దానికి మళ్ళీ వస్తాను.

ఈ పథకాలు పిల్లల మీద జాలితో పుట్టాయనుకుంటే పొరపాటు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం, అంటే అక్కడి డచ్ సంతతివాళ్ళతో బ్రిటన్ చేసిన యుద్ధం జరిగినప్పుడు, బ్రిటన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన కుర్రాళ్ళు చాలామంది ఒడ్డూ పొడుగూ చాలక వెనక్కి వెళ్ళిపోతుంటే అక్కడి ప్రభుత్వానికి గుబులు పట్టుకుంది. 1906లో చట్టం చేశారు. స్థానిక సంస్థలు బడి పిల్లలకి భోజనం పెట్టవచ్చు అంది ఆ చట్టం. పెట్టవచ్చు అన్న మాట పెట్టాలి అని మారడానికి 1944 దాకా పట్టింది. అమెరికాలో అధ్యక్షుడు ట్రూమన్ 1946 జూన్ 4న సంతకం పెట్టిన బడి భోజన చట్టంలోనూ మొదట కనిపించే కారణం దేశ భద్రతే. పిల్లల ఆరోగ్యం దాని తర్వాత వస్తుంది.

ఆ తొలిరోజుల్లోనే ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక మంచి పని జరిగింది. 1907లో రాల్ఫ్ క్రౌలీ అనే బడుల వైద్యాధికారి సుమారు 40 మంది పేద పిల్లలకి కొన్ని వారాలపాటు పొద్దునా మధ్యాహ్నమూ భోజనం పెట్టించి, వాళ్ళని తూచి రాసుకున్నాడు. బల్లల మీద శుభ్రమైన గుడ్డలు పరిచారు, పూలు పెట్టారు. పేద పిల్లలకి పూలెందుకని ఎవరో ఒకరు అనే ఉంటారు. భోజనం పెట్టినన్నాళ్ళూ బరువు పెరిగింది. మధ్యలో సెలవులొచ్చాయి, తగ్గింది. బడి తెరిచాక మళ్ళీ పెరిగింది. గీతలు గీసి చూపిస్తే ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

అమెరికా ఏర్పాటు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పంక్తిభేదం ఎన్ని దొంగదారుల్లో వస్తుందో అక్కడ బాగా కనిపిస్తుంది. కుటుంబ ఆదాయం ప్రభుత్వం పెట్టిన పేదరిక రేఖకి 130 శాతం లోపు ఉంటే భోజనం ఉచితం. 130 నుంచి 185 శాతం మధ్య ఉంటే తగ్గింపు ధర: మధ్యాహ్న భోజనానికి 40 సెంట్లకి, టిఫిన్‌కి 30 సెంట్లకి మించకూడదు. ఆపైన ఉన్నవాళ్ళు మామూలు ధర కట్టాలి. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ ఎవరు ఏ గుంపో వడ్డించేచోట తెలియాలి కదా? ప్రత్యేకమైన టికెట్లు, టోకెన్లు ఇచ్చేవాళ్ళు. పేర్లు చదివేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. 1970లో చట్టం సవరించి ఇవన్నీ కూడదన్నారు.

టోకెన్లు పోయాయి, బాకీలు వచ్చాయి. కంప్యూటర్లో పిల్లల పేరు మీద ఖాతా, అందులో డబ్బు లేకపోతే బాకీ. 2014 జనవరిలో సాల్ట్ లేక్ సిటీలో ఒక ప్రాథమిక పాఠశాలలో సుమారు 40 మంది పిల్లల చేతుల్లోంచి, ఖాతాలో డబ్బు లేదని, భోజనం ట్రేలు లాగేసుకున్నారు. లాక్కున్న ట్రేలు ఏం చేశారో తెలుసా? చెత్తబుట్టలో పడేశారు. ఒకరికి వడ్డించింది ఇంకొకరికి పెట్టకూడదని నియమం. చేతికొచ్చిన అన్నం కళ్ళముందే చెత్తలో పడింది, బదులుగా ఒక పండూ పాలూ ఇచ్చారు. బాకీ అమ్మానాన్నలది. ట్రే పోగొట్టుకున్నది పిల్లలు, అదీ స్నేహితులు చూస్తుండగా. కొన్నిచోట్ల బాకీ ఉన్న పిల్లల చేతి మీద ముద్ర వేసేవాళ్ళు, బల్లలు తుడిపించేవాళ్ళు. 2017లో న్యూ మెక్సికో రాష్ట్రం అలాంటివి చేయకూడదని చట్టం తెచ్చింది. అలా ఒక చట్టం రాయాల్సి వచ్చిందంటేనే ఒళ్ళు జలదరిస్తుంది నాకు.

మిన్నెసోటాలో, సెయింట్ పాల్ అనే ఊళ్ళో, ఫిలాండో కాస్టీల్ అని ఒక బడి భోజనశాల సూపర్‌వైజర్ ఉండేవాడు. ఏ పిల్లవాడి ఖాతాలోనైనా డబ్బు తక్కువైతే తన జేబులోంచి కట్టేసేవాడు. 2016 జూలైలో ఒక పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ తర్వాత ఆయన పేరు మీద చందాలు పోగుచేసి ఆ ఊరి బడుల్లో భోజనం బాకీలు తీర్చారు. అదే రాష్ట్రం 2023లో బడి పిల్లలందరికీ భోజనం ఉచితం చేసింది. ఆయన బతికుంటే జేబులో చెయ్యి పెట్టాల్సిన పని ఉండేది కాదు.

ఇక ఉచిత భోజనం కోసం ఆదాయం రాసివ్వాల్సిన ఫారాలు. తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆదాయం ఎంత అన్న గడి దగ్గర మీ పెన్ను ఎప్పుడైనా ఆగిందా? ఆగుతుంది. కూలి పని చేసేవాళ్ళకి ఈ నెల ఉన్న ఆదాయం వచ్చే నెల ఉండదు, ఏది రాయాలి? ఫారం ఉన్న భాష రానివాళ్ళు ఉంటారు. విడిపోయిన భార్యాభర్తలు ఉంటారు, ఎవరి ఆదాయం రాయాలి? పిల్లవాడి సంచీలో వచ్చిన కాగితం పిల్లవాడి సంచీలోనే నలిగిపోతుంది. అర్హత ఉండీ తినని పిల్లలు అలా తయారవుతారు. అమెరికాలో 2010లో వచ్చిన చట్టంతో దీనికి ఒక దారి దొరికింది. బడిలో ఇప్పటికే ప్రభుత్వ ఆహార సహాయం వంటివి అందుకుంటున్న కుటుంబాల పిల్లలు 40 శాతం ఉంటే, ఫారాలేవీ అడక్కుండా బడి మొత్తానికి ఉచితంగా పెట్టవచ్చు. 2023లో ఆ 40 శాతాన్ని 25కి తగ్గించారు. ఆ గడి ముందు పెన్ను పట్టుకుని కూర్చునే పని తల్లిదండ్రులకి తప్పింది.

"ఉన్నవాళ్ళ పిల్లలకి కూడా ఊరికే పెట్టడం ఎందుకండీ?" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఇవాళ ఇంకా అడగలేదు, అడుగుతారు. ఖర్చవుతుంది, కాదనను. కానీ బల్లలు, నల్లబల్ల, లైబ్రరీ పుస్తకాలు ఆదాయం చూసి ఇవ్వడం లేదు కదా. ఫిన్లాండ్ 1943లో చట్టం చేసి, 1948 నుంచి బడి పిల్లలందరికీ రోజూ ఉచితంగా భోజనం పెడుతోంది. 1948లో ఫిన్లాండ్ ఏమంత ధనిక దేశం కాదు. యుద్ధంలో నలిగి, సోవియట్ యూనియన్‌కి నష్టపరిహారం కట్టుకుంటూ ఉన్న దేశం. అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. లేనివాళ్ళ పిల్లలు మాత్రమే తినే భోజనం మెల్లగా పాడవుతుంది. డాక్టరుగారి అబ్బాయి కూడా అదే పప్పు తింటే, పప్పు నీళ్ళలా ఉన్నరోజు డాక్టరుగారు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ అందరి పళ్ళేలకీ పనికొస్తుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన బంతుల సంగతి. భారతదేశంలో 1995లో బడి భోజనానికి జాతీయ పథకం మొదలైనా, చాలా రాష్ట్రాలు వండి పెట్టలేదు. హాజరు సరిగా ఉన్న పిల్లలకి నెలకి మూడు కిలోల గింజలు ఇచ్చి పంపేవి. గింజలు ఇంటికి వెళితే ఇంటిల్లిపాదీ తింటారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మూడు కిలోల్లో పిల్ల కడుపులోకి ఎంత పోయిందో ఎవరికి తెలుసు? 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలంది: రోజుకి కనీసం 300 క్యాలరీలు, ఏడాదికి కనీసం 200 రోజులు. వండి పెట్టేసరికి పిల్లలు పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. కూర్చునేసరికి వండింది ఎవరన్న గొడవ మొదలైంది. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని తల్లిదండ్రులు అడ్డుపడ్డ ఊళ్ళున్నాయి. 2004 ఏప్రిల్‌లో అదే కోర్టు వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఒక పూట భోజనం మీద ఎంత బరువు పడిందో చూడండి. ఆ బరువంతా మోస్తున్న వంటమనిషికి ఇచ్చే జీతం గురించి మాత్రం మన సమావేశాల్లో ఎవరూ ఎత్తరు.

టిఫిన్ విషయం వేరే. మధ్యాహ్నం అందరూ ఒకేసారి లేస్తారు, ఒకేచోట తింటారు. పొద్దుటి టిఫిన్ గంట కొట్టకముందు పెడతారు, అదే దాని జబ్బు. బస్సు ఆలస్యమైతే టిఫిన్ పోయినట్టే. ఇంట్లో తినడానికి ఉన్న పిల్లలు గంటకి ఐదు నిమిషాల ముందు వస్తారు. ముందుగా వచ్చి తింటున్నది ఎవరో బడికంతా తెలిసిపోతుంది. అమెరికాలో బడి టిఫిన్ 1966లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వతమైంది. ఆ మధ్యలో 1969 జనవరిలో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి ఉద్యమకారులు ఓక్లాండ్‌లో ఒక చర్చిలో తామే వండి పెట్టడం మొదలుపెట్టారు. అన్నేళ్ళైనా టిఫిన్ తినేవాళ్ళు భోజనం తినేవాళ్ళ కన్నా తక్కువే. టిఫిన్‌ని గంట కొట్టాక క్లాసులోకే తెచ్చి ఇచ్చినచోట తినేవాళ్ళు పెరిగారు. టీచర్లం గొణుక్కుంటాం, బల్లల మీద మరకలని, పది నిమిషాలు పోయాయని. నేనూ గొణిగినదాన్నే. బల్ల మీద తలలు వాలిన క్లాసులో ఆ పది నిమిషాలతో ఏం సాధించానో ఇప్పటికీ అర్థం కాదు.

టిఫిన్ పెట్టగానే మార్కులు వచ్చేస్తాయని కూడా చెప్పను. జమైకాలో 1990లలో పరిశోధకులు బడిలో టిఫిన్ పెట్టి క్లాసులో పిల్లల తీరు గమనించారు. వసతులు బాగున్న బడిలో పిల్లలు పని మీద మరింత మనసు పెట్టారు. కిక్కిరిసిన, వసతులు లేని బడుల్లో మాత్రం పక్కవాళ్ళతో కబుర్లు ఎక్కువయ్యాయి! తిండి పెడితే ఓపిక వస్తుంది. ఆ ఓపికని ఏం చెయ్యాలో క్లాసు చూసుకోవాలి. అయితే గ్రామీణ బడుల్లో ఏడాది పాటు టిఫిన్ పెట్టి చూసిన మరో అధ్యయనంలో హాజరు కొంత పెరిగింది, చిన్న తరగతుల పిల్లలకి లెక్కల్లో కాస్త మెరుగుదల కనిపించింది. లెక్కల టీచర్‌ని కాబట్టి ఆ మాట దాటెయ్యలేకపోయాను.

మనం వెంటనే చేయగలిగినది జపాన్‌లో ఉంది. అక్కడ ప్రాథమిక పాఠశాలల్లో చాలావరకు భోజనం తరగతి గదికే వస్తుంది. వంతుల ప్రకారం పిల్లలే తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని తోటివాళ్ళకి వడ్డిస్తారు. టీచరూ అదే భోజనం అక్కడే కూర్చుని తింటారు. ఇవాళ వడ్డించిన పిల్ల రేపు పెట్టించుకుంటుంది. ఎవరు పెట్టేవాళ్ళు, ఎవరు తీసుకునేవాళ్ళు అన్న తేడా అక్కడ నిలవదు. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, టీచర్ల ఒప్పుకోలు కావాలి. మొదటి వరుసలో ఇద్దరు ముగ్గురు తలలు అడ్డంగా ఊపుతున్నారు, చూశాను. తినేటప్పుడు మాట్లాడుకుందాం.

కమిటీవాళ్ళకి రెండు పనులు అప్పగించి దిగిపోతాను. రేపటి నుంచి ఒక వారం, మీలో ఒకరు భోజనం టైముకి వడ్డించేచోట కాకుండా చెత్తబుట్ట పక్కన నిలబడండి. ఏది పారేస్తున్నారో, వరుసలో చివర ఉన్న పిల్లలకి కూర్చుని తినడానికి ఎన్ని నిమిషాలు మిగులుతున్నాయో రాసుకోండి. అసలు వరుసలోకే రానివాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారో కూడా చూడండి. పేర్లు రాయకండి. రెండోది, క్రౌలీ గీసిన ఆ గీత సెలవుల్లో కిందికి దిగింది కదా, మన సెలవులు ఎప్పటి నుంచో క్యాలెండర్ తీసి చూడండి. వంటగది తాళం ఆ రోజుల్లో ఎవరి దగ్గర ఉంటుందో నాకు ఇవాళే చెప్పాలి.