ఫ్యాన్ తిరుగుతోంది సరే, పొగ పోతోందా? 8 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ రివ్యూ

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ఫ్యాన్ కంపెనీవాళ్ళు ఊరికే పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. వాట్లు, ఆర్పీఎం, వారంటీ ఈపాటికి మీరు చూసేసే ఉంటారు. బీఎల్‌డీసీ, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు, చప్పుడు తక్కువ, కరెంటూ తక్కువే. దానికి వంక పెట్టను. నా గొడవంతా వెనకాల ఉన్న షట్టర్‌తోనే.

ఇదిగో, దగ్గరగా చూడండి. నాలుగు ప్లాస్టిక్ పలకలు. ఫ్యాన్ వేస్తే గాలి తోపుకి లేవాలి, ఆపితే బరువుకి పడిపోవాలి. వాన, బల్లులు రాకుండా పెట్టారు, మంచిదే. కానీ ఏటవుద్దంటే, పోపు పెట్టిన ప్రతిసారీ నూనె ఆవిరి ఆ పలకలు తిరిగే పిన్నుల దగ్గర చేరుద్ది, దానిమీద దుమ్ము. కొన్నాళ్ళకి జిగురు. పలక సగమే లేస్తుంది. ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంటుంది, మిరపకాయల ఘాటు మాత్రం హాల్లోకి! ఫ్యాన్ పోయిందనుకుని ఇంకా పెద్దది కొనేస్తారు.

పెద్దది అక్కర్లేదండీ. లెక్క చూడండి. 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు వంటగదిలో 800 ఘనపుటడుగుల గాలి, అంటే సుమారు 22.6 ఘనపు మీటర్లు. గంటకి 15 సార్లు మారాలంటే 340 ఘనపు మీటర్లు. 8 అంగుళాలది చాలు. కాకపోతే గంటకి ఎంత గాలి తోస్తుందని డబ్బామీద రాసే అంకె, గాలికి ఎదురు అడ్డేం లేనప్పటిది. షట్టర్ సగం మూసుకుంటే ఆ అంకె రాదు.

ఇంకోటి, తలుపులన్నీ మూసేసి ఫ్యాన్ వేస్తే అది దేన్ని లాగుద్ది? ఎదురుగా ఉన్న తలుపో కిటికీయో కొంచెం తెరవండి. ఫ్యాన్ పక్క కిటికీ మాత్రం మూసెయ్యండి, లేకపోతే అక్కడి గాలే లోపలికొచ్చి అట్నుంచటే పోద్ది, పొయ్యి దగ్గర పొగ కదలదు. అగరబత్తి వెలిగించి పొయ్యి దగ్గర పట్టుకుంటే పొగ ఎటు పోతోందో తెలిసిపోద్ది.

షట్టర్ కడగడం ఎలాగంటే, ముందు ప్లగ్ తీసెయ్యండి. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి పలకలు తుడవండి, పిన్నుల దగ్గర పాత టూత్‌బ్రష్. ఆరాక నూనె మాత్రం వెయ్యకండి, ఆ నూనెకే మళ్ళీ దుమ్ము పట్టుద్ది. పెన్సిల్ ముల్లు పొడి రాస్తే చాలు. నెలకోసారి.

ఇక తీరం వాళ్ళు. కళింగపట్నం, భావనపాడు, ఇటు భోగాపురం వైపు ఉప్పుగాలికి డబ్బాలో ఇచ్చిన మామూలు ఇనుప స్క్రూలు ఎన్నాళ్ళో ఆగవు. స్టెయిన్‌లెస్ కొనుక్కోండి, అందులో ఉప్పుకి ఎక్కువ తట్టుకునే 316 రకం దొరికితే మరీ మంచిది. ఫ్యాన్ తూర్పు గోడకి వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురొచ్చి పలకలు టపటపా కొట్టుకుంటాయి. 2018లో వచ్చిన తితలీ లాంటి తుపానుకి ఈ ప్లాస్టిక్ ఏం ఆపుద్ది? బయట రేకు టోపీ పెట్టించండి, గోడ కన్నం బయటికి కాస్త వాలుగా ఉంచమని మేస్త్రీకి చెప్పండి.

పాత ఇనుప ఫ్యాన్లకి షట్టరే లేదు, పిచ్చుకలు గూళ్ళు కట్టేవి, అయినా గాలి మాత్రం పోయేది.

సముద్రానికి దూరంగా ఉన్న విజయనగరం టౌన్‌లో, పడమటి గోడకైతే తీసుకోండి. తీరంలో నేనైతే వద్దంటా. ఒక్క పలక విరిగితే విడిగా దొరకదట, మొత్తం ఫ్రేమే మార్చాలట!